పియానో మీద క్రొమాటిక్ స్కేలు: ఏ కీకి ఏ వేలు?

“మేజర్ స్కేళ్లు బాగానే వస్తున్నాయి. క్రొమాటిక్ మొదలుపెడితే మాత్రం ఎఫ్ దగ్గరికొచ్చేసరికి వేళ్లు చిక్కుపడిపోతున్నాయి. అసలు ఏ కీకి ఏ వేలు పెట్టాలి?” విశాఖలో కీబోర్డు నేర్చుకునేవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఇది. గ్రేడు పరీక్షకు కట్టిన పిల్లల తల్లిదండ్రులు అడుగుతారు, చర్చిలో వాయించే కుర్రాళ్లు అడుగుతారు, హార్మోనియం మీంచి పియానోకి వచ్చిన పెద్దవాళ్లు అడుగుతారు. వీడియోల్లో ఒక్కొక్కరు ఒక్కో రకంగా చూపిస్తున్నారని, దేన్ని పట్టుకోవాలో తెలియడం లేదని అంటారు. అందరికీ పనికొచ్చేలా మొదటి నుంచి చివరిదాకా ఇక్కడ ఉంది. పియానో ముందు కూర్చుని చదవండి, చదివినంత మేర వాయించి చూడండి.

కష్టమంతా రెండు చోట్లే

క్రొమాటిక్ స్కేలంటే తెలుపు, నలుపు తేడా లేకుండా పక్కపక్క కీలన్నీ వరసగా వాయించడం. కర్ణాటక సంగీతం నేర్చినవాళ్ల మాటలో చెప్పాలంటే పన్నెండు స్వరస్థానాలూ ఒకదాని తర్వాత ఒకటి.

మన పాటగాళ్లు శృతి చెప్పే లెక్క గుర్తు తెచ్చుకోండి. సి అంటే ఒకటి, సి♯ (సి షార్ప్, సి పక్కనున్న నల్లకీ) ఒకటిన్నర, డి రెండు, డి♯ రెండున్నర, ‘ఈ’ మూడు, ఎఫ్ నాలుగు, ఎఫ్♯ నాలుగున్నర, జి అయిదు, జి♯ అయిదున్నర, ‘ఏ’ ఆరు, ‘ఏ’♯ ఆరున్నర, బి ఏడు. మూడున్నర శృతి అని ఎవరూ అనరు, ఏడున్నర శృతి అనీ అనరు. అక్కడ నల్లకీ లేదు మరి. ‘ఈ’-ఎఫ్ మధ్య ఒకటి, బి-సి మధ్య ఒకటి, ఆ రెండు చోట్ల తెల్లకీలు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. మిగతా దారంతా తెలుపు, నలుపు, తెలుపు, నలుపు. తెలుపుకి బొటనవేలు, నలుపుకి మధ్యవేలు వేసుకుంటూ పోవచ్చు. ఆలోచించాల్సింది ఆ రెండు చోట్ల గురించే. ఇంతకుమించి థియరీ అక్కర్లేదు.

(‘ఈ’, ‘ఏ’ అన్న కీల పేర్లు మామూలు తెలుగు మాటలతో కలిసిపోతాయి కాబట్టి వాక్యాల్లో వాటిని కొటేషన్లలో పెట్టాం.)

ఏమేం కావాలి

మామూలు సైజు కీలున్న పియానో గాని కీబోర్డు గాని కావాలి. 88 కీలు ఉండాలనేం లేదు, 61 కీల కీబోర్డు సరిపోతుంది. కీల సైజు అనుమానంగా ఉంటే స్కూలు స్కేలు పెట్టి ఏడు తెల్లకీల వెడల్పు కొలవండి. సుమారు 16.5 సెంటీమీటర్లు రావాలి. బాగా తక్కువ వస్తే అది చిన్న కీల కీబోర్డు. దానిమీద వరస నేర్చుకోవచ్చు గాని బొటనవేలు ఎంత దూరం జరగాలో చేతికి తప్పుగా అలవాటవుతుంది. పరీక్ష రోజున మామూలు పియానో ముందు కూర్చుంటే వేలు కీల మధ్య సందులో పడుతుంది.

కీబోర్డుని మంచం మీద పెట్టి కింద కూర్చుని వాయించకండి. చాలా ఇళ్లలో జరిగేది ఇదే. మోచేయి కీల ఎత్తుకి సమానంగా ఉండాలి, లేదా వెంట్రుకవాసి పైన. అంతకంటే కింద ఉంటే మణికట్టు వేలాడిపోయి బొటనవేలు అరచేతి కిందికి దూరదు. డైనింగ్ కుర్చీ ఎత్తు చాలకపోతే మడతపెట్టిన దుప్పటి వేసుకోండి.

ఇంకా మెట్రోనోమ్ (సమానంగా తాళం దెబ్బలు కొట్టేది) కావాలి. కీబోర్డులో ఉన్నదైనా, ఫోన్లో యాప్ అయినా ఫర్వాలేదు. వీడియో తీయడానికి ఫోను, నోట్సు మీద వేళ్ల అంకెలు రాసుకోడానికి పెన్సిలు, చేతులు తుడుచుకోడానికి పొడి జేబురుమాలు దగ్గర పెట్టుకోండి. విశాఖ ఉక్కలో, ముఖ్యంగా బీచ్ రోడ్డు పక్క ఇళ్లలో, పది నిమిషాలకే వేళ్లు తడుస్తాయి. నల్లకీ మీంచి మధ్యవేలు జారడానికి సగం కారణం చెమటే. పౌడరు మాత్రం రాసుకోకండి, అది కీల సందుల్లోకి దిగిపోతుంది.

కీబోర్డు వాళ్లు వాయించే ముందు ట్రాన్స్‌పోజ్ (శృతి మార్చే బటన్) సున్నా దగ్గర ఉందో లేదో చూసుకోండి. టచ్ రెస్పాన్స్ ఆన్ చేయండి. అది ఆఫ్‌లో ఉంటే గట్టిగా నొక్కినా మెల్లగా నొక్కినా ఒకే మోత వస్తుంది, తప్పు చెవికి దొరకదు.

వేళ్ల అంకెలు

బొటనవేలు 1, చూపుడువేలు 2, మధ్యవేలు 3, ఉంగరంవేలు 4, చిటికెనవేలు 5. రెండు చేతులకూ ఇంతే. గిటారు నుంచి వచ్చినవాళ్లు జాగ్రత్త: అక్కడ చూపుడువేలుని 1 అంటారు, ఇక్కడ అది 2.

మెట్లు ఒక్కొక్కటిగా

1. చెయ్యి ఎక్కడ పెట్టాలి

తెల్లకీలో నల్లకీల ముందున్న ఖాళీ భాగం సుమారు 5 సెంటీమీటర్ల పొడవుంటుంది. మేజర్ స్కేలు వాయించేటప్పుడు చాలామంది ఆ భాగం మధ్యలో వాయిస్తారు. క్రొమాటిక్‌కి చెయ్యి కొంచెం లోపలికి జరపాలి. బొటనవేలు తెల్లకీ మీద, నల్లకీల అంచుకి దగ్గరగా పడాలి. మధ్యవేలు వంగి, నల్లకీ ముందు కొసకి ఒక సెంటీమీటరు లోపల దిగాలి. నల్లకీ మధ్యలోకి వెళ్లిపోతే ప్రతి స్వరానికీ చెయ్యి ముందుకీ వెనక్కీ ఊగాల్సి వస్తుంది, వేగం అక్కడే పోతుంది.

2. రెండు వేళ్లతో మొదలు

స్కేలు జోలికి ఇప్పుడే వెళ్లకండి. కుడిచేత్తో ఎఫ్♯ మీద 3, జి మీద 1, జి♯ మీద 3, ‘ఏ’ మీద 1, ‘ఏ’♯ మీద 3. మూడు నల్లకీల గుంపు, వాటి మధ్య రెండు తెల్లకీలు, అంతే. పైకి వెళ్లి కిందికి రండి.

ఇక్కడ ఒక్క కదలికని దగ్గరగా గమనించండి. మధ్యవేలు ఎఫ్♯ మీద దిగిన క్షణంలోనే బొటనవేలు జి మీదికి జరిగి, కీని తాకుతూ ఆగి ఉండాలి. ఇంకా నొక్కకూడదు. మధ్యవేలు లేచేటప్పుడు బొటనవేలు నొక్కుతుంది. బొటనవేలు మొత్తం బద్దలా పడకూడదు, గోరు పక్కనున్న మూల మాత్రమే కీకి తగలాలి. దీన్ని ఎంత నెమ్మదిగా చేస్తే అంత మంచిది. ఒక్కో స్వరానికి రెండు సెకన్లు ఇవ్వండి. చాలామంది ఎఫ్♯ అయిపోయాక బొటనవేలు కోసం వెతుకుతారు. స్కేలు కుంటినట్టు వినిపించడానికి మొదటి కారణం అదే.

ఎడమచేత్తో ఇవే కీలు, ఇవే వేళ్లు.

3. కుడిచేతికి జంట తెల్లకీలు

‘ఈ’-ఎఫ్ దగ్గర కుడిచేతికి 1-2. బి-సి దగ్గరా 1-2. అంటే జంటలో కింది కీకి బొటనవేలు, పై కీకి చూపుడువేలు. డి♯ నుంచి ఎఫ్♯ దాకా వాయించండి: డి♯ 3, ఈ 1, ఎఫ్ 2, ఎఫ్♯ 3. తర్వాత ‘ఏ’♯ నుంచి సి♯ దాకా: ఏ♯ 3, బి 1, సి 2, సి♯ 3. నాలుగేసి స్వరాల ఈ రెండు ముక్కలూ పైకీ కిందికీ ఇరవయ్యేసి సార్లు. కిందికి వచ్చేటప్పుడు కూడా అవే కీలకు అవే వేళ్లు, మార్చకండి.

4. ఎడమచేతికి జంట తెల్లకీలు

ఎడమచేతికి ఇది తిరగబడుతుంది. ‘ఈ’కి 2, ఎఫ్‌కి 1. బికి 2, సికి 1. శృతి అంకెల్లో గుర్తుపెట్టుకోవాలంటే: చూపుడువేలు పడేది కుడిచేతికి నాలుగూ ఒకటీ శృతుల మీద, ఎడమచేతికి మూడూ ఏడూ శృతుల మీద. ఈ ఒక్క మాట నోటికి వస్తే స్కేలు వచ్చినట్టే.

5. ఒక అష్టకం మొత్తం

అష్టకమంటే ఒక డి నుంచి తర్వాతి డి దాకా. సి నుంచి కాదు, డి నుంచి మొదలుపెట్టండి. ఎందుకో ఏడో మెట్టులో తెలుస్తుంది. పైకి వెళ్లేటప్పుడు:

కుడిచెయ్యి: డి 1, డి♯ 3, ఈ 1, ఎఫ్ 2, ఎఫ్♯ 3, జి 1, జి♯ 3, ఏ 1, ఏ♯ 3, బి 1, సి 2, సి♯ 3, డి 1.

ఎడమచెయ్యి: డి 1, డి♯ 3, ఈ 2, ఎఫ్ 1, ఎఫ్♯ 3, జి 1, జి♯ 3, ఏ 1, ఏ♯ 3, బి 2, సి 1, సి♯ 3, డి 1.

రావడం కూడా ఇదే దారిలో, చివరి నుంచి మొదటికి. ఏ చేతిదా చేతిదే వేరుగా సాధన చేయండి. ఏ చేతికైనా అష్టకంలో బొటనవేలు అయిదు కీల మీద, మధ్యవేలు అయిదు నల్లకీల మీద, చూపుడువేలు రెండు కీల మీద పడుతుంది. 4, 5 వేళ్లకు పనే లేదు. అవి గాల్లోకి నిక్కబొడుచుకోకుండా కీల దగ్గరే వదులుగా ఉంచండి.

6. వేరే కీ నుంచి మొదలుపెడితే?

వేలు కీని బట్టి ఉంటుంది, మీరు ఎక్కడ మొదలుపెట్టారన్నదాన్ని బట్టి కాదు. జి♯ నుంచి మొదలైతే 3తో మొదలు. కుడిచెయ్యి ఎఫ్ నుంచి మొదలైతే 2తో మొదలు. సి నుంచి మొదలైతే పుస్తకాల్లో కుడిచేతికి తరచుగా 1 రాసి ఉంటుంది. మొదటి సికి ముందు ఏ కీ లేదు గనక అది తప్పేం కాదు. కానీ పై సికి 2 రావాలి. కింద 1, పైన 2 అన్న తేడా చిన్నపిల్లల్ని తికమకపెడుతుంది. అందుకే మొదటి సికి కూడా 2 వేయించడమే మేలు.

చర్చిలో వాయించేవాళ్లు ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కి శృతి మార్చుకుంటారు. బయటికి వినిపించేది మారుతుంది గాని మీ చేతి కింద కీలు మారవు, వేళ్లూ మారవు. ఈ వ్యాసంలో శృతి అంకెలన్నీ కీకి పెట్టిన పేర్లే.

7. రెండు చేతులూ కలిపి: ముందు ఎదురు దిశలో

రెండు చేతులూ ఒకే వైపు వాయించడం తేలికనుకుంటారు. క్రొమాటిక్‌లో దాన్ని తర్వాత పట్టుకోవాలి. డి కీకి అటూ ఇటూ చూడండి. కుడివైపు నల్లకీ, తర్వాత జంట తెల్లకీలు, తర్వాత మూడు నల్లకీల గుంపు. ఎడమవైపూ అచ్చం అదే. డి దగ్గర అద్దం పెట్టినట్టు ఉంటుంది. అందుకని రెండు బొటనవేళ్లనూ డి మీద పెట్టి కుడిచెయ్యి పైకి, ఎడమచెయ్యి కిందికి వెళ్తే ప్రతి క్షణం రెండు చేతులకూ ఒకే వేలు వస్తుంది: 1-3-1-2-3-1-3-1-3-1-2-3-1. ఒకే డి మీద రెండు వేళ్లు ఇరుకనిపిస్తే ఎడమచేతిని ఒక అష్టకం కింది డి నుంచి మొదలుపెట్టండి. జి♯ దగ్గర కూడా అలాంటి అద్దమే ఉంది.

సి నుంచి ఎదురు దిశలో మొదలుపెడితే ఈ సౌకర్యం పోతుంది. కుడిచెయ్యి తెలుపు మీదున్నప్పుడు ఎడమచెయ్యి ఇంకెక్కడో ఉంటుంది. వారం రోజులు డి నుంచే చేయండి.

8. రెండు చేతులూ ఒకే వైపు

ఇప్పుడు ఒకే వైపు. పన్నెండు స్వరాల్లో ఎనిమిదింటికి రెండు చేతుల్లోనూ ఒకే వేలు. తేడా నాలుగింటి దగ్గరే: ‘ఈ’, బి వచ్చినప్పుడు కుడి 1, ఎడమ 2. ఎఫ్, సి వచ్చినప్పుడు కుడి 2, ఎడమ 1. కాబట్టి స్కేలంతా పదేపదే వాయించి అలిసిపోకండి. డి♯-ఈ-ఎఫ్-ఎఫ్♯ నాలుగింటినీ రెండు చేతులతో, ఏ♯-బి-సి-సి♯ నాలుగింటినీ రెండు చేతులతో, ముక్కలుగా సాధన చేయండి. ఈ రెండు ముక్కలూ నిద్రలో అడిగినా రావాలి. అవి కుదిరాక స్కేలు దానంతటదే అతుక్కుంటుంది.

9. వేగం

మెట్రోనోమ్ 60 మీద (నిమిషానికి 60 దెబ్బలు), దెబ్బకి ఒక్క స్వరం. తర్వాత దెబ్బకి రెండు. తర్వాత నాలుగు. ఒక్కో వేగంలో తప్పు లేకుండా వరసగా మూడుసార్లు వస్తేనే ముందుకి, అదీ నాలుగేసి అంకెల చొప్పున: 60, 64, 68. రోజుకి పది పదిహేను నిమిషాలు చాలు. ఆదివారం ఒక్కరోజే గంటసేపు కూర్చోవడం కంటే రోజూ పది నిమిషాలు ఎంతో మేలు. బొటనవేలు మొదట్లో నొప్పి చేస్తే ఆపేయండి, ఓర్చుకుని వాయించవద్దు.

వేరే పద్ధతులు ఎప్పుడు వాడాలి

పైన చెప్పింది 1-3 పద్ధతి. మొదట నేర్చుకోవాల్సింది అదే. మధ్యవేలు బలమైనది, పొడవైనది, నల్లకీల మీద స్థిరంగా నిలబడుతుంది. గట్టిగా, స్పష్టంగా వాయించాల్సిన చోట దీన్ని మించింది లేదు. అయితే అన్ని చేతులూ, అన్ని సందర్భాలూ ఒకటి కావు.

చిన్న చేతులకి, మెత్తగా పరిగెత్తాల్సిన స్వరాలకి చూపుడువేలు పద్ధతి ఉంది. మధ్యవేలు కింది నుంచి దూరడం కంటే చూపుడువేలు కింది నుంచి దూరడం బొటనవేలుకి దగ్గరి దారి. కుడిచేతికి ‘ఈ’ నుంచి: ఈ 1, ఎఫ్ 2, ఎఫ్♯ 3, జి 1, జి♯ 2, ఏ 1, ఏ♯ 2, బి 1, సి 2, సి♯ 3, డి 1, డి♯ 2. జంట తెల్లకీల తర్వాత వచ్చే నల్లకీలకు మాత్రం 3, మిగతా నల్లకీలకు 2. ఎడమచేతికి సి నుంచి కిందికి అద్దంలోలాగే: సి 1, బి 2, ఏ♯ 3, ఏ 1, జి♯ 2, జి 1, ఎఫ్♯ 2, ఎఫ్ 1, ఈ 2, డి♯ 3, డి 1, సి♯ 2.

బాగా వేగంగా, పొడవుగా పోయే వరసలకు నాలుగు వేళ్ల పద్ధతి. కుడిచేతికి: ఈ 1, ఎఫ్ 2, ఎఫ్♯ 3, జి 1, జి♯ 2, ఏ 3, ఏ♯ 4, బి 1, సి 2, సి♯ 3, డి 1, డి♯ 2. ఎడమచేతికి కిందికి: సి 1, బి 2, ఏ♯ 3, ఏ 1, జి♯ 2, జి 3, ఎఫ్♯ 4, ఎఫ్ 1, ఈ 2, డి♯ 3, డి 1, సి♯ 2. బొటనవేలు అష్టకానికి అయిదుసార్ల బదులు నాలుగుసార్లే దిగుతుంది. “అయితే నాలుగేసి స్వరాల చొప్పున మూడుసార్లలో పన్నెండూ అయిపోవా?” అని కొందరు అడుగుతారు. అవ్వవు. ఏ కీ నుంచి మొదలుపెట్టినా, నాలుగేసి లెక్కన వెళ్తే కనీసం ఒక్కసారి బొటనవేలు నల్లకీ మీద పడుతుంది. సి నుంచైతే సి, ఈ, జి♯. డి నుంచైతే డి, ఎఫ్♯, ఏ♯. అందుకే గుంపులు 3, 4, 3, 2గా వంకరగా ఉన్నాయి. ఈ పద్ధతిలో నాలుగో వేలు నల్లకీ మీద నిలబడాలి. 1-3 పద్ధతి రెండు అష్టకాలు నిలకడగా రాకముందు దీని జోలికి వెళ్లకండి. రెండు పద్ధతులు సగం సగం వచ్చినవాళ్లకి వేగం పెంచగానే రెండూ కలిసిపోతాయి.

పాటల మధ్య వచ్చే చిన్న ముక్కల సంగతి వేరు. నాలుగైదు స్వరాల క్రొమాటిక్ బిట్‌కి స్కేలు వేళ్లు వేయాలన్న పట్టుదల వద్దు. చివరి స్వరం నుంచి వెనక్కి లెక్కపెట్టండి. ఉదాహరణకి కుడిచెయ్యి డి నుంచి జి దాకా వెళ్లి జి మీద నిలబడాలి. జి 4 అనుకుంటే ఎఫ్♯ 3, ఎఫ్ 2, ఈ 1, దాని ముందు డి♯ 3 గాని 2 గాని, డి 1. అలాగే పై సి దగ్గర ఆగే వరసకి చివరి నాలుగూ ఏ 1, ఏ♯ 2, బి 3, సి 4 చాలా హాయిగా పడతాయి. నిర్ణయించుకోగానే పెన్సిలుతో నోట్సు మీద రాసేయండి. ఇవాళ ఒకటి, రేపు ఒకటి వేస్తే చేతికి ఏదీ గుర్తుండదు.

ఎక్కువగా జరిగే తప్పులు

‘ఈ’కి 1, ఎఫ్‌కి మళ్లీ 1. కుడిచేతిలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే తప్పు ఇదే. తెల్లకీ కనిపిస్తే బొటనవేలు అన్న అలవాటు వల్ల వస్తుంది. రెండు స్వరాల మధ్య చిన్న ఖాళీ వినిపిస్తే అది ఇదేనని తెలుసుకోండి. విరుగుడు: మూడో మెట్టులోని ముక్కలు మళ్లీ.

కుడిచేతి వేళ్లు ఎడమచేతికి వేయడం. ఎడమచెయ్యి పైకి వెళ్తూ ‘ఈ’ మీద 1 వేసిందంటే ఎఫ్‌కి వేలు దొరకదు. చెయ్యి మొత్తం ఎత్తి పెట్టాల్సి వస్తుంది. ఎడమచెయ్యి పైకి వెళ్లేటప్పుడు “మూడు, ఏడు” అని పైకే అనుకుంటూ వాయించండి.

పైకి బాగా వెళ్లి, తిరిగి వచ్చేటప్పుడు తప్పడం. కుడిచెయ్యి కిందికి వస్తూ జి 1 తర్వాత ఎఫ్♯ 3, ఎఫ్ 2, ఈ 1 రావాలి. చాలామంది ఎఫ్‌కి 1 వేసేసి ‘ఈ’ దగ్గర ఇరుక్కుంటారు. కిందికి రావడం విడిగా సాధన చేయండి. పై డి నుంచి మొదలుపెట్టి కింది డి దగ్గర ఆగండి, పైకి వెళ్లనే వద్దు.

మోచేయి ఎగరడం. బొటనవేలు దూరిన ప్రతిసారీ మోచేయి కోడిరెక్కలా బయటికి లేస్తుంటే మణికట్టు బిగుసుకుందన్నమాట. ముంజేయి కీల వెంట తిన్నగా జరుగుతూ ఉండాలి, మణికట్టు ప్రతి స్వరానికీ మెలి తిరగకూడదు.

హార్మోనియం అలవాటు. హార్మోనియం వాయించేవాళ్లలో కొందరు బొటనవేలుని పెద్దగా వాడరు, 2-3-4తో నెట్టుకొస్తారు. అక్కడ కీలు నొక్కడం తేలిక, ఒక చెయ్యి తిత్తి దగ్గర ఉంటుంది కాబట్టి ఆ పద్ధతి సరిపోతుంది. పియానోలో రెండు అష్టకాలు ఆగకుండా వెళ్లాలంటే బొటనవేలు లేకుండా కుదరదు. వీళ్లు రెండో మెట్టు మీద మిగతావాళ్ల కంటే రెట్టింపు రోజులు ఉండాలి. స్వరజ్ఞానం ముందే ఉంటుంది కాబట్టి తర్వాత మాత్రం వేగంగా అందుకుంటారు.

వచ్చిందో లేదో ఎలా చూసుకోవాలి

దెబ్బ ఏ కీ మీద పడుతోంది? ఇది అన్నిటికంటే నమ్మకమైన పరీక్ష. డి నుంచి, దెబ్బకి నాలుగు స్వరాల చొప్పున వాయిస్తే మెట్రోనోమ్ దెబ్బలు డి, ఎఫ్♯, ఏ♯, మళ్లీ డి మీద పడాలి. దెబ్బకి మూడు చొప్పున అయితే డి, ఎఫ్, జి♯, బి, మళ్లీ డి. ఎఫ్♯ మీద పడాల్సిన దెబ్బ జి మీద పడిందంటే ఆ మధ్యలో ఒక కీ వదిలేశారు. దాదాపు ఎప్పుడూ అది ‘ఈ’ గాని ఎఫ్ గాని అయి ఉంటుంది.

రెండు అష్టకాలు పైకీ కిందికీ కలిపి 49 స్వరాలు. మెట్రోనోమ్ 60 మీద దెబ్బకి నాలుగు చొప్పున, చివరి డి సరిగ్గా పదమూడో దెబ్బ మీద రావాలి. అంటే 12 సెకన్లు. ఫోన్లో రికార్డు చేసి చూసుకోండి.

ఆర్గన్ టోన్ పెట్టి వాయించండి. పియానో శబ్దం దానంతటదే తగ్గిపోతుంది కాబట్టి చిన్న ఖాళీలు, ఒక కీ లేవకముందే ఇంకొకటి నొక్కడం చెవికి దొరకవు. ఆర్గన్‌లో వేలు ఉన్నంతసేపూ శబ్దం ఉంటుంది. రెండు స్వరాలు కలిసి గీరుమంటే మధ్యవేలు ఆలస్యంగా లేస్తోంది. మధ్యలో తెగిపోతుంటే బొటనవేలు ఆలస్యంగా చేరుతోంది. ఈ పరీక్షలో తప్పుకి కారణం కూడా వెంటనే తెలిసిపోతుంది.

ఫోనుని కీల ఎత్తులో, చేతికి పక్కన పెట్టి స్లో మోషన్‌లో వీడియో తీయండి. మధ్యవేలు దిగేసరికి బొటనవేలు తర్వాతి కీ మీద సిద్ధంగా ఉందా లేదా అన్నది మాత్రమే చూడండి. ఒక వీడియోలో ఒక్క విషయమే చూడాలి.

కళ్లు మూసుకుని వినండి. ప్రతి తెల్లకీ దగ్గరా ఢక్ ఢక్ మని బొటనవేలు బరువు వినిపిస్తుంటే, మూడేసి స్వరాల లెక్కకి మారండి. దెబ్బలు బొటనవేలు మీదే కాకుండా 2, 3 వేళ్ల మీద కూడా పడతాయి కాబట్టి బరువు సర్దుకుంటుంది. యూఎస్‌బీ కేబుల్‌తో కీబోర్డుని ఫోన్‌కి కలిపే వీలుంటే మిడి యాప్‌లో (కీ నొక్కులను నమోదు చేసే యాప్) ఒక్కో స్వరం బలం 1 నుంచి 127 వరకు అంకెల్లో కనిపిస్తుంది. బొటనవేలు అంకెలు మిగతావాటి కంటే ఎంత ఎక్కువగా ఉన్నాయో చూసి తగ్గించుకోవచ్చు.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా ఒకే కీ దగ్గర ఎప్పుడూ తడబడుతుంటే, మీ వేలుని తప్పుపట్టే ముందు ఆ కీని పరీక్షించండి. ఒక్కదాన్నే మెల్లగా నొక్కి వదలండి, పక్క కీలతో సమానంగా పైకి లేస్తోందో లేదో చూడండి. సముద్రపు తేమకి, వానల రోజుల్లో మరీ ఎక్కువగా, అసలు పియానోల్లో చెక్క ఉబ్బి కీలు పట్టేస్తాయి. కొబ్బరినూనె, మిషన్ నూనె లాంటివి పోయకండి, ఇంకా బిగుసుకుంటుంది. ట్యూనర్‌ని పిలిపించండి. ఆయన వచ్చేదాకా ఆ కీ తగలని అష్టకంలో సాధన చేసుకోండి. వేళ్లు ఏ అష్టకంలోనైనా అవే.